స్కూల్లో పనిచేస్తూనే స్పీచ్ థెరపీలో ఆన్‌లైన్ మాస్టర్స్: అమెరికాలో ఉన్న దారేంటి? చిక్కు ఎక్కడ?

అమెరికా స్కూళ్లలో టీచర్లకు సహాయకులుగా, సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల వెంట ఉండే పారాప్రొఫెషనల్స్‌గా పనిచేసే తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎక్కువ మంది మహిళలు. మాట సరిగా రాని పిల్లాడిని స్పీచ్ థెరపిస్ట్ అరగంట పాటు పక్క గదికి తీసుకెళ్లడం, కొన్ని నెలలకు ఆ పిల్లాడు నోరు విప్పడం వాళ్లు దగ్గరగా చూస్తుంటారు. 'ఈ పని నేనూ నేర్చుకోవచ్చు కదా' అనిపిస్తుంది. ఫోన్‌లో వెతికితే 'ఉద్యోగం మానక్కర్లేదు, ఇంటి నుంచే మాస్టర్స్' అనే ప్రకటనలు వరసగా కనిపిస్తాయి.

అది నిజమేనా? నిజమే. అమెరికాలో గుర్తింపు పొందిన ఆన్‌లైన్ మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. వాటి డిగ్రీకి, క్యాంపస్‌లో చదివిన డిగ్రీకి లైసెన్సు దగ్గర తేడా లేదు. కానీ ఆన్‌లైన్‌లో ఉండేవి పాఠాలు మాత్రమే. వైద్యుల చదువులో హౌస్ సర్జన్సీ లాగా, ఈ చదువులో పర్యవేక్షణలో చేయాల్సిన శిక్షణ ఉంటుంది. అది చాలావరకు పగటిపూట, పిల్లలూ రోగులూ ఉన్న చోటే జరుగుతుంది. సరిగ్గా అదే సమయంలో మీ స్కూలు ఉద్యోగమూ ఉంటుంది. ఫీజు కట్టాక చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే.

ఎస్‌ఎల్‌పీ అంటే ఎవరు?

మనం స్పీచ్ థెరపిస్ట్ అని పిలిచేవారిని అక్కడ అధికారికంగా స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్ అంటారు. క్లుప్తంగా ఎస్‌ఎల్‌పీ. నత్తి, ఉచ్చారణ దోషాలు మాత్రమే కాదు, వయసుకు తగ్గట్టు మాటలు రాకపోవడం, చెప్పింది అర్థం కాకపోవడం, గొంతు సమస్యలు, పక్షవాతం తర్వాత మాట పోవడం, ఆహారం మింగలేకపోవడం వంటివన్నీ వీరి పరిధిలోకి వస్తాయి.

స్కూళ్లలో వీరి అవసరం చట్టం వల్ల వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ స్కూళ్లు ఉచితంగా తగిన విద్య అందించాలని అమెరికా 1975లో చట్టం చేసింది. ఇప్పుడు దాన్ని ఐడియా చట్టం అంటున్నారు. అది గుర్తించిన 13 రకాల వైకల్యాల్లో మాట, భాషా లోపం ఒకటి. అర్హత ఉన్న ప్రతి పిల్లాడికీ ఐఈపీ పేరుతో వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తారు. వారానికి ఎన్ని నిమిషాలు థెరపీ ఇవ్వాలో అందులోనే ఉంటుంది. తల్లిదండ్రులు రూపాయి కట్టనక్కర్లేదు. ఇవ్వాల్సిన బాధ్యత స్కూలు డిస్ట్రిక్ట్‌ది.

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రకారం 2024 మేలో ఎస్‌ఎల్‌పీల మధ్యస్థ వార్షిక వేతనం 95,410 డాలర్లు. ఆస్పత్రులు, నర్సింగ్ హోంలతో పోలిస్తే స్కూళ్లలో సాధారణంగా కొంత తక్కువ ఉంటుంది. కానీ సెలవులు, పని వేళలు పిల్లలున్న తల్లులకు అనుకూలం.

మాస్టర్స్ లేకుండా ఈ పని చేయలేమా?

టెక్సస్, కాలిఫోర్నియా సహా పలు రాష్ట్రాల్లో ఎస్‌ఎల్‌పీ అసిస్టెంట్ అనే హోదా ఉంది. దీన్ని ఎస్‌ఎల్‌పీఏ అంటారు. దానికి మాస్టర్స్ అక్కర్లేదు. అయితే అసిస్టెంట్ సొంతంగా పరీక్షించి 'ఈ పిల్లాడికి ఫలానా లోపం ఉంది' అని నిర్ధారించకూడదు. చికిత్స లక్ష్యాలు నిర్ణయించకూడదు. ఎస్‌ఎల్‌పీ రాసిన ప్రణాళికను వారి పర్యవేక్షణలో అమలు చేయాలి, అంతే.

పూర్తి స్థాయి ఎస్‌ఎల్‌పీ కావాలంటే మాస్టర్స్ కావాల్సిందే. సిబ్బంది దొరక్క కొన్ని రాష్ట్రాలు స్కూళ్లకు తాత్కాలిక మినహాయింపులు ఇస్తుంటాయి. వాటిని నమ్ముకుని కెరియర్ కట్టుకోలేం.

ఆన్‌లైన్ డిగ్రీకి గుర్తింపు ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ముందు చూడాల్సింది యూనివర్సిటీ పేరు కాదు, కోర్సుకు ఉన్న గుర్తింపు. ఈ రంగంలోని వృత్తి సంఘం పేరు అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్. అందరూ 'ఆషా' అంటారు. కోర్సులకు గుర్తింపు ఇచ్చేది దాని అనుబంధ మండలి సీఏఏ. క్యాంపస్ కోర్సులకైనా, ఆన్‌లైన్ కోర్సులకైనా అవే ప్రమాణాలు. న్యూయార్క్ యూనివర్సిటీ, ఎమర్సన్ కాలేజీ, బేలర్ యూనివర్సిటీ, వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీ వంటివి దూరంగా ఉన్న విద్యార్థుల కోసం ఈ మాస్టర్స్ నడిపాయి.

కొత్తగా మొదలైన కోర్సులకు 'క్యాండిడసీ' అనే ముందస్తు హోదా ఉంటుంది. వాటిలో చదివినవారు కూడా ఆషా సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండూ లేని కోర్సు ఎంత చౌకగా ఉన్నా చేరొద్దు. ఆషా వెబ్‌సైట్‌లోని ఎడ్‌ఫైండ్ విభాగంలో కోర్సు పేరు కొట్టి చూస్తే వివరాలు తెలుస్తాయి.

గుర్తింపు ఒక్కటే చాలదు. ఆన్‌లైన్ కోర్సులన్నీ అన్ని రాష్ట్రాల వారినీ చేర్చుకోవు. మీరున్న రాష్ట్రంలో లైసెన్సుకు తమ కోర్సు సరిపోతుందో లేదో యూనివర్సిటీ ముందే చెప్పాలన్నది ఫెడరల్ నిబంధన. ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. చదువు మధ్యలో వేరే రాష్ట్రానికి మారే అవకాశం ఉంటే, ఆ రాష్ట్రం గురించీ అడగండి. భర్త ప్రాజెక్టు మారి డాలస్ నుంచి న్యూజెర్సీకి వెళ్లాల్సి రావడం మనవాళ్లకు కొత్త కాదు కదా.

400 గంటల లెక్క ఏంటి?

ఆషా సర్టిఫికెట్‌కు 400 గంటల క్లినికల్ అనుభవం కావాలి. అందులో 25 గంటలు అనుభవజ్ఞులు చికిత్స చేస్తుండగా గమనించడం. మిగతా 375 గంటలు స్వయంగా చేయాలి. మొత్తం 400లో కనీసం 325 గంటలు మాస్టర్స్ చదువుతున్నప్పుడే పూర్తి కావాలి. సిమ్యులేషన్ పద్ధతిలో, అంటే కంప్యూటర్‌పై నమూనా కేసులతో చేసే సాధనను గరిష్ఠంగా 75 గంటల వరకు లెక్కలోకి తీసుకుంటారు.

375 గంటలంటే తక్కువే అనిపిస్తుంది. వారానికి 40 గంటల లెక్కన రెండున్నర నెలల పని కూడా కాదు. కానీ లెక్కలోకి వచ్చేది పిల్లలతోనో, రోగులతోనో, వారి కుటుంబంతోనో నేరుగా గడిపిన సమయం మాత్రమే. పాఠం సిద్ధం చేసుకోవడం, రిపోర్టులు రాయడం, ప్రయాణం ఇవేవీ లెక్కకు రావు. రోజుకు 4 గంటలు నేరుగా పనిచేశారనుకుంటే 375 గంటలకు దాదాపు 94 పనిదినాలు కావాలి. అక్కడ స్కూలు సంవత్సరం సుమారు 180 రోజులు. అంటే సగానికి పైగా.

నేను పనిచేసే స్కూల్లోనే ఈ గంటలు పూర్తి చేయొచ్చా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సమాధానం: కొంతవరకు. దానికి షరతులున్నాయి.

మొదటిది, ఉద్యోగిగా చేసిన పని గంటలు వాటంతటవే ప్రాక్టికమ్ గంటలు కావు. అసిస్టెంట్‌గా మీరు ఐదేళ్లు పనిచేసినా ఆ అనుభవం 400 గంటల్లో కలవదు. యూనివర్సిటీ ఆ స్థలాన్ని ప్రాక్టికమ్ కేంద్రంగా ఆమోదించాలి. స్కూలు డిస్ట్రిక్ట్‌తో ఒప్పందం కుదుర్చుకోవాలి. ఆ తర్వాత విద్యార్థిగా చేసిన పనే లెక్క.

రెండోది, పర్యవేక్షకులు. మీపై ఉండే ఎస్‌ఎల్‌పీకి ఆషా సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ వచ్చాక కనీసం 9 నెలల పూర్తికాలపు అనుభవం, పర్యవేక్షణపై 2 గంటల శిక్షణ ఉండాలి. ఒక్కో పిల్లాడితో మీరు గడిపే సమయంలో కనీసం 25 శాతం వారు నేరుగా గమనించాలి. అన్ని స్కూళ్లలో ఉన్న ఎస్‌ఎల్‌పీలకూ ఈ అర్హతలు ఉండవు. రాష్ట్ర లైసెన్సు మాత్రమే ఉన్నవారూ ఉంటారు. మీ స్కూల్లో ఎవరున్నారో చేరకముందే తెలుసుకోవాలి.

మూడోది, అన్నిటికంటే పెద్దది. స్కూలు పిల్లలతో మాత్రమే శిక్షణ పూర్తి కాదు. పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు, రకరకాల సమస్యలతో, రకరకాల నేపథ్యాల వారితో పనిచేసి ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే పెద్దవాళ్లకు చికిత్స చేసే చోట ఒక ప్రాక్టికమ్ తప్పదు. ఆస్పత్రి కావచ్చు, పునరావాస కేంద్రం కావచ్చు, వృద్ధుల నర్సింగ్ హోం కావచ్చు. స్కూల్లో ఎనిమిదింటి నుంచి మూడింటి దాకా ఉండే వ్యక్తి అక్కడికి ఎప్పుడు వెళ్లాలి?

దీనికి ఉన్న దారులు మూడే. ఒకటి, వేసవి సెలవుల్లో పెద్దల ప్రాక్టికమ్ పెట్టించుకోవడం. రెండు, ఒక సెమిస్టర్ జీతం లేని సెలవు పెట్టడం. మూడు, డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే వారానికి రెండు మూడు రోజుల పనికి మారడం. మూడింటిలో ఏదైనా హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడి, కాగితం మీద పెట్టుకోవాల్సిన విషయం. ఉద్యోగం మానేస్తే కుటుంబానికి ఆరోగ్య బీమా ఎవరి ద్వారా వస్తుందన్నదీ ఆ లెక్కలోనే వేసుకోవాలి.

కొన్ని కోర్సుల్లో కొద్ది రోజుల పాటు క్యాంపస్‌కు వెళ్లాల్సిన 'ఇమ్మర్షన్' శిబిరాలూ ఉంటాయి. విమాన ఖర్చు, బస, ఇంట్లో పిల్లల బాధ్యత ముందే చూసుకోవాలి.

చేరడానికి ముందు ఏ సబ్జెక్టులు కావాలి?

ఆషా ప్రమాణాల ప్రకారం డిగ్రీ స్థాయిలో నాలుగు సబ్జెక్టులు చదివి ఉండాలి. జీవశాస్త్రం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం, సామాజిక లేదా ప్రవర్తనా శాస్త్రం. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్ చేసినవారికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ సాధారణంగా ఉంటాయి. జీవశాస్త్రం ఉండదు. కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు చదివితే ఆ లోటు తీరుతుంది.

డిగ్రీ ఈ రంగానిది కాకపోతే వాక్ శరీర నిర్మాణం, ధ్వని శాస్త్రం, పిల్లల్లో భాషాభివృద్ధి, వినికిడి శాస్త్రం వంటి పునాది కోర్సులు కూడా చదవాలి. వీటిని లెవెలింగ్ కోర్సులంటారు. ఇవీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన యూనివర్సిటీల డిగ్రీని అక్కడి డిగ్రీతో పోల్చి చూపే మదింపు పత్రం కూడా కావాలి. ముఖ్యంగా మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ చదివినవారు దాన్ని అంగీకరిస్తారో లేదో ఫీజు కట్టక ముందే అడగాలి.

పూర్తికాలం చదివితే మాస్టర్స్‌కు సుమారు రెండేళ్లు, పార్ట్‌టైమ్ అయితే మూడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. లెవెలింగ్ కోర్సులు దీనికి అదనం.

డబ్బు సంగతేంటి?

ఫీజు క్రెడిట్ల లెక్కన ఉంటుంది. ప్రకటనలో కనిపించే ఒక క్రెడిట్ ధర చూసి నిర్ణయించుకోవద్దు. మొత్తం క్రెడిట్లు, లెవెలింగ్ కోర్సులు, ఇమ్మర్షన్ ప్రయాణాలు, ప్రాక్టికమ్ కోసం పోయే జీతం అన్నీ కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది.

ఫెడరల్ విద్యా రుణాలు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరికొన్ని వర్గాలకు మాత్రమే. హెచ్4 వీసాపై ఉన్నవారికి రావు. రుణం రావాలంటే కనీసం హాఫ్‌టైమ్ విద్యార్థిగా ఉండాలి. 2025 జులైలో వచ్చిన చట్టం ఈ రుణాల నిబంధనలను మార్చింది. 2026 జులై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే మాస్టర్స్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. సాధారణ మాస్టర్స్ కోర్సులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తమ్మీద లక్ష డాలర్లు పరిమితి.

ఒక ఊరట ఉంది. ప్రభుత్వ స్కూలు డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలం పనిచేస్తూ అర్హత ఉన్న 120 వాయిదాలు కడితే, మిగిలిన ఫెడరల్ రుణం మాఫీ అయ్యే పథకం ఉంది. దాన్ని పీఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. కొన్ని డిస్ట్రిక్ట్‌లు ఫీజులో కొంత భరిస్తాయి. దానికి బదులు ఇన్నేళ్లు మా దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివి సంతకం పెట్టండి.

వీసా ఉన్నవారు ఏం గమనించాలి?

హెచ్4 వీసాపై చదువుకోవచ్చు. స్కూల్లో ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ ఉండాలి. జీతం ఇచ్చే ప్రాక్టికమ్ కూడా ఉద్యోగం కిందకే వస్తుంది.

ఇండియా నుంచి ఎఫ్1 వీసాపై వెళ్లాలనుకునే విద్యార్థులకు ఇది వేరే విషయం. ఎఫ్1 విద్యార్థులు పూర్తికాల చదువు లెక్కలో ఒక సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సునే, అంటే 3 క్రెడిట్ల వరకే చూపించుకోవచ్చు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే మాస్టర్స్‌తో ఎఫ్1 వీసా రాదు. వస్తుందని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే ఒప్పుకోవద్దు.

డిగ్రీ చేతికొచ్చాక?

ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్ష రాయాలి. ఆషా కోరే స్కోరు 162. తర్వాత క్లినికల్ ఫెలోషిప్. కనీసం 36 వారాలు, 1,260 గంటలు ఒక మెంటర్ కింద పనిచేయాలి. ఇది జీతంతో చేసే ఉద్యోగమే, స్కూల్లోనూ చేయొచ్చు. అది ముగిస్తే సీసీసీ-ఎస్‌ఎల్‌పీ అనే ఆషా సర్టిఫికెట్ వస్తుంది. దీంతోపాటు రాష్ట్ర లైసెన్సు, కొన్ని రాష్ట్రాల్లో విద్యాశాఖ ఇచ్చే విడి సర్టిఫికెట్ కావాలి. న్యూయార్క్‌లో స్కూళ్లలో పనిచేసే వారికి ఇలాంటి టీచర్ సర్టిఫికెట్ ఉంది. మీ ఆన్‌లైన్ కోర్సు దానికి అవసరమైన సబ్జెక్టులు చెబుతుందో లేదో అడగడం మరవొద్దు.

తెలుగు తెలిసిన ఎస్‌ఎల్‌పీ వల్ల ఎవరికి మేలు?

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లాడిని తీసుకోండి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే 'బస్' మనకు 'బస్సు' అవుతుంది. ఇంగ్లిష్‌లో వేర్వేరుగా పలికే రెండు ధ్వనులకు తెలుగులో ఒకే 'వ' ఉంది. ఇంగ్లిష్‌లో నామవాచకాల ముందు వచ్చే 'ఎ', 'ద' వంటివి తెలుగులో లేవు, కాబట్టి పిల్లలు వాటిని వదిలేస్తారు. తెలుగు తెలియని పరీక్షకురాలికి ఇవన్నీ లోపాలుగా కనిపించవచ్చు. ఇవి లోపాలు కావు, భాషల మధ్య తేడాలు.

తిరగబడి కూడా జరుగుతుంది. నిజంగా సమస్య ఉన్న పిల్లాడిని 'రెండు భాషలు కదా, మెల్లగా వస్తాయిలే' అని వదిలేస్తారు. అసలైన భాషా లోపం ఉంటే అది తెలుగులోనూ కనిపిస్తుంది. ఆ సంగతి తేల్చాలంటే తెలుగులో అడిగి చూడాలి. సాధ్యమైన మేరకు పిల్లాడి మాతృభాషలో పరీక్షించాలని ఐడియా చట్టమూ చెబుతోంది. రెండు భాషలు మాట్లాడటం వల్ల మాట లోపం రాదు. 'ఇంట్లో తెలుగు మానేయండి' అన్న సలహా విని, అమ్మమ్మతో మాట్లాడలేని స్థితికి పిల్లాడిని తేవాల్సిన పని లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారి పరిస్థితి ఏంటి?

మన దేశంలో ఈ వృత్తిని నియంత్రించేది 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి, ఆర్‌సీఐ. అందులో రిజిస్టర్ కాకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో సంపాదించిన ఏదో ఒక సర్టిఫికెట్‌తో క్లినిక్ తెరవడం కుదరదు.

ఇక్కడి దారి నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత రెండేళ్ల మాస్టర్స్. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్నది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరు సంస్థ డీహెచ్‌ఎల్‌ఎస్ అనే ఏడాది డిప్లొమాను వీడియో పాఠాలతో దేశంలోని పలు కేంద్రాల్లో నడిపింది. అక్కడా పాఠమే దూరం నుంచి. సాధన మాత్రం కేంద్రానికి వెళ్లి చేయాల్సిందే.

బీఏఎస్‌ఎల్‌పీ చదివి అమెరికా వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల సంఘాలతో ఆషాకు పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది. అందులో ఇండియా లేదు.

పిల్లలకు థెరపీ కావాల్సిన తల్లిదండ్రులు జిల్లా కేంద్రాల్లోని డీఈఐసీలను, సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలను ముందు సంప్రదించవచ్చు.

చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు

• కోర్సుకు సీఏఏ గుర్తింపు లేదా క్యాండిడసీ ఉందా?
• నేనున్న రాష్ట్రంలో లైసెన్సుకు, స్కూలు సర్టిఫికెట్‌కు ఇది సరిపోతుందా?
• ప్రాక్టికమ్ స్థలం మీరు వెతుకుతారా, నేనే వెతుక్కోవాలా? దొరక్కపోతే ఏం జరుగుతుంది?
• నేను పనిచేసే స్కూలును ప్రాక్టికమ్‌కు ఆమోదిస్తారా? ఎన్ని గంటల వరకు?
• పెద్దల ప్రాక్టికమ్‌ను వేసవిలో పెట్టే వీలుందా?
• క్లాసులు లైవ్‌లో ఉంటాయా? ఉంటే ఏ టైమ్ జోన్ ప్రకారం?

వీటిలో మూడో ప్రశ్నకు యూనివర్సిటీ తడబడితే అక్కడే ఆగండి. ప్రాక్టికమ్ దొరక్క ఒక సెమిస్టర్ ఆలస్యమైతే డిగ్రీ, ఫెలోషిప్, లైసెన్సు అన్నీ వెనక్కి జరుగుతాయి. పాఠాలు రాత్రి పిల్లలు పడుకున్నాక వినొచ్చు. థెరపీ మాత్రం పిల్లలు మేలుకుని ఉన్నప్పుడే చేయాలి. మీ ఉద్యోగం, ఇల్లు, సెలవులు ఆ గంటలకు ఎలా సర్దుబాటు అవుతాయో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. అది కుదిరాకే దరఖాస్తు ఫీజు కట్టండి.